సగంలో ఆగిన మజిల్ కారు ఎంత చేస్తుంది?

అమెరికాలో పాత కార్ల అమ్మకం ప్రకటనలు చదివే అలవాటున్నవాళ్లకు ఒక వాక్యం కంఠతా వచ్చేస్తుంది: తొంభై శాతం పని అయిపోయింది, ఇక బిగించుకోవడమే తరువాయి. కారు 1969 కమారో కావచ్చు, 1970 ఛాలెంజర్ కావచ్చు. బాడీకి బూడిదరంగు ప్రైమర్ కొట్టి ఉంటుంది. ఇంజిన్ విడిగా స్టాండు మీద ఉంటుంది. అద్దాలు, క్రోమ్ పట్టీలు, స్క్రూలు, డాష్‌బోర్డు ముక్కలు అట్టపెట్టెల్లో ఉంటాయి. యజమాని ఇన్నేళ్లలో పెట్టిన ఖర్చుల రసీదులన్నీ కూడి ధర చెబుతాడు. ఆ ధరకు ఆ కారు తగుతుందా? నా అభిప్రాయం ముందే చెబుతాను. అమ్మేవాడు అయిపోయిన పనికి వెల కడతాడు. కొనేవాడు మిగిలిన పనికి వెల కట్టుకోవాలి. ఈ రెండు లెక్కలూ ఒకచోట కలిసే కార్లు తక్కువ. అవి లేకపోలేదు కాబట్టే దీన్ని ఓపిగ్గా పరిశీలించాలి.

ముందు ఈ మజిల్ కార్ల పుట్టుక గురించి కొంత. మధ్యరకం సైజులో ఉన్న రెండు తలుపుల మామూలు కారులోకి పెద్ద కార్ల కోసం చేసిన వీ-8 ఇంజిన్ దించితే వచ్చిన జాతి ఇది. 1964లో పాంటియాక్ ఇంజినీర్లు జాన్ డిలోరియన్ నాయకత్వంలో టెంపెస్ట్ లెమాన్స్‌లో 389 క్యూబిక్ అంగుళాల ఇంజిన్ కూర్చారు. మధ్యరకం కార్లలో ఇంజిన్ 330 క్యూబిక్ అంగుళాలు మించకూడదని జనరల్ మోటార్స్ పెద్దలు పెట్టిన నియమం ఒకటుండేది. కొత్త మోడల్‌గా కాకుండా అదనపు సదుపాయంగా, జీటీవో పేరుతో అమ్మి ఆ నియమాన్ని దాటేశారు. మొదటి ఏడాదే 32 వేలకు పైగా అమ్ముడయ్యాయి. ఫోర్డ్, క్రైస్లర్, షెవ్రొలే అందరూ అదే దారి పట్టారు. ఆ వైభవం దశాబ్దం కూడా నిలవలేదు. కుర్రవాళ్ల మీద బీమా ప్రీమియం పెరిగింది. 1970లో గాలి కాలుష్యంపై కఠినమైన చట్టం వచ్చింది. 1971 నుంచి జనరల్ మోటార్స్ ఇంజిన్ల కంప్రెషన్ తగ్గించింది. 1973 అక్టోబరులో అరబ్ దేశాల చమురు నిషేధంతో కథ ముగిసింది.

ధర విషయంలో ఈ చరిత్ర చెప్పేది ఒకటుంది. ఇవి పుట్టుకతో అపురూపమైన వస్తువులు కావు, కుర్రాళ్లకు అందుబాటు ధరలో గుట్టలుగా తయారైనవి. 1966 మోడల్ మస్టాంగ్‌లు ఆరు లక్షలు దాటాయి. 1969 కమారోలు 2,43,085. అందులో రేసుల కోసం ఉద్దేశించిన జెడ్/28 రకం 20,302. పూర్తి అల్యూమినియం ఇంజిన్‌తో వచ్చిన జెడ్ఎల్1 రకం కేవలం 69. దూరం నుంచి చూస్తే అన్నీ ఒకే కారు, విలువలో మాత్రం నేలకూ నింగికీ ఉన్నంత తేడా. 2014లో సియాటిల్‌లో జరిగిన మేకమ్ వేలంలో 1971 హెమీ కుడా కన్వర్టిబుల్ ఒకటి 35 లక్షల డాలర్లు పలికింది. అలాంటి వార్త వచ్చిన ప్రతిసారీ, షెడ్డులో అదే కారు సాదా రూపమైన 318 ఇంజిన్ బారకూడా ఉన్న మనిషి కూడా తన ధర కొంత పెంచుకుంటాడు. పేపర్లోకెక్కిన ధర ఒక కారుది, అమ్మకానికి ఉన్నది మరో కారు. సగంలో ఆగిన కార్ల ధరలు అతిగా ఉండడానికి మొదటి కారణం ఇదే.

రెండో కారణం రసీదులు. పిల్లర్లు లేచి స్లాబు దగ్గర ఆగిపోయిన ఇంటిని కొనేటప్పుడు మన ఊళ్లలో ఎవరూ పాత యజమాని ఇసుకకూ సిమెంటుకూ ఎంత పెట్టాడని అడగరు. పునాది ఎంత లోతుందో, ఇనుము ఎంత వేశాడో, ఇంకా ఎంత పడుతుందో అడుగుతారు. కారు దగ్గరికి వచ్చేసరికి అదే మనిషి రసీదుల కట్ట చూసి మెత్తబడతాడు. ఇరవై వేల డాలర్ల రసీదులున్నంత మాత్రాన ఇరవై వేల విలువ చేరినట్టు కాదు. అందులో తప్పుగా కొన్న భాగాలుంటాయి, ఒకసారి చేయించి మళ్లీ విప్పించిన పని ఉంటుంది, పాతబడిపోయిన రంగు ఉంటుంది.

లెక్క ఎలా వేయాలో ఒక ఊహా ఉదాహరణతో చూద్దాం. చిన్న వీ-8 ఇంజిన్ ఉన్న సాదా కమారో పూర్తయి, రోడ్డు మీద చక్కగా తిరిగే స్థితిలో 60 వేల డాలర్లు చేస్తుందనుకుందాం. మిగిలిన పని చూడండి. బాడీ, రంగు 18 వేలు. ఇంజిన్ 7 వేలు. గేర్‌బాక్స్, వెనక ఇరుసు 4 వేలు. సస్పెన్షన్, బ్రేకులు, పెట్రోలు పైపులు 5 వేలు. వైరింగ్, అద్దాలు, రబ్బరు బీడింగులు, క్రోమ్ 6 వేలు. సీట్లు, లోపలి అలంకరణ 4 వేలు. మొత్తం 44 వేలు. విప్పాక బయటపడే సమస్యలకు మరో 6 వేలు తీసిపెట్టుకుంటే 50 వేలు. అంటే ఆ ప్రాజెక్టు కొనుగోలుదారుకు 10 వేలు మించి చేయదు. అదీ బిగింపు పనంతా తన చేతుల్తో తాను చేసుకుంటేనే. వర్క్‌షాపుకు ఇస్తే గంటకు 100 డాలర్లు దాటడం ఇప్పుడు మామూలు. పూర్తి పునరుద్ధరణకు వెయ్యి గంటలు పట్టడం అసాధారణమేమీ కాదు. వెయ్యిని వందతో హెచ్చవేస్తే లక్ష. మామూలు మోడళ్లలో ఈ లెక్క ఎప్పటికీ గిట్టదు. అలాంటి కారుకు పాతిక వేలు అడిగితే ఆ ధర తప్పని నేను నిస్సందేహంగా అంటాను.

ఇక ఆ తొంభై శాతం మాట. విప్పడం, తుప్పు వదలగొట్టడం, ప్రైమర్ కొట్టడం కంటికి కనిపించే పనులు. వాటితోనే చాలావరకు అయిపోయిందనిపిస్తుంది. తలుపుకూ ఫెండర్‌కూ మధ్య సందు పైనుంచి కిందిదాకా సమానంగా రావడం, కిటికీ అద్దం ఎక్కడా పట్టకుండా పైకి లేవడం, వాన నీరు లోపలికి రాకుండా బీడింగు కూర్చోవడం, డాష్‌బోర్డులో ప్రతి దీపమూ వెలగడం చివరి దశలో ఉంటాయి. వీటికి డబ్బుకన్నా ఓపిక ఎక్కువ కావాలి. ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే. విప్పిన మనిషికే ఏ స్క్రూ ఎక్కడిదో గుర్తులేనప్పుడు, పెట్టెలు కొన్న కొత్త మనిషికి ఎలా తెలుస్తుంది? అందుకే విప్పేసిన కారు కన్నా, తుప్పు పట్టినా ఒంటిమీద అన్నీ ఉన్న కారే మేలని అనుభవజ్ఞులు చెబుతారు. ఆ మాటతో నేను పూర్తిగా ఏకీభవిస్తాను. బిగించి ఉన్న కారులో ఏది లేదో చూస్తేనే తెలిసిపోతుంది. పెట్టెల్లో లేనిది ఏదో రెండేళ్ల తర్వాత గాని తెలియదు.

ప్రైమర్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే కొనేవాళ్లను ఎక్కువగా మోసం చేసేది అదే. మామూలు ప్రైమర్‌కు సన్నని రంధ్రాలుంటాయి, తేమను పీలుస్తుంది. పైన రంగు పడకుండా ఏళ్ల తరబడి షెడ్డులో ఉన్న బాడీలో, శుభ్రంగా కనిపించే ఆ బూడిదరంగు కింద తుప్పు మళ్లీ మొదలై ఉండవచ్చు. ఇంకో సంగతి, ప్రైమర్ కింద ఇనుముందో పుట్టీ ఉందో కంటికి కనబడదు. చిన్న అయస్కాంతం ఒకటి జేబులో వేసుకెళ్లి వెనక చక్రాల పైభాగం, ఫెండర్ల కింది అంచులు, డిక్కీ నేల మీద పెట్టి చూడాలి. పట్టు సడలినచోట పుట్టీ మందంగా ఉన్నట్టే. మస్టాంగ్‌లో విడి ఛాసిస్ ఉండదు, బాడీయే అస్థిపంజరం. కాబట్టి కింద మూలల్లో ఉండే టార్క్ బాక్సులు, ముందు అద్దం కింద గాలి వచ్చే కౌల్ భాగం తుప్పు తినేస్తే అది అలంకారానికి సంబంధించిన లోపం కాదు, కారు బలమే పోయినట్టు. షెవెల్, జీటీవోలకు కింద విడి ఛాసిస్ ఉంటుంది కాబట్టి బాడీ ఎత్తి పని చేసుకోవచ్చు. కానీ ఛాసిస్ గొట్టాల లోపలి తుప్పును కూడా చూడాలి. పైకప్పుకు వినైల్ గుడ్డ అతికించిన కార్లలో ఆ గుడ్డ కింద నీరు నిలిచి, వెనక అద్దం చుట్టూ ఇనుము జల్లెడైపోతుంది.

కారు ఏ రాష్ట్రంలో బతికిందన్నదీ ముఖ్యమే. మిషిగన్, ఒహాయో లాంటి చోట్ల చలికాలంలో మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పు అడుగుభాగాన్ని తినేస్తుంది. అరిజోనా, దక్షిణ కాలిఫోర్నియా ఎండల్లో ఇనుము బాగుంటుంది, డాష్‌బోర్డూ సీట్లూ పగిలిపోతాయి. సీటు మార్చడం తేలిక, కాబట్టి ఎండ దెబ్బ తిన్న కారుకే నా ఓటు.

కొత్తగా రీబిల్డ్ చేయించిన ఇంజిన్ అన్న మాటకు కూడా నేను తక్కువ విలువే కడతాను. చేయించి పదేళ్లయి, ఒక్కసారీ తిరగని ఇంజిన్ కొత్తది కాదు. సిలిండర్ గోడలు తుప్పు పట్టి ఉండవచ్చు, సీళ్లు ఎండిపోతాయి, ఇచ్చిన వారంటీ ఎప్పుడో తీరిపోయి ఉంటుంది. స్పార్క్ ప్లగ్ రంధ్రంలోంచి సన్నని కెమెరా దించి సిలిండర్ లోపల చూడడం ఇప్పుడు కష్టం కాదు. యంత్రాల షాపు ఇచ్చిన పని చీటీ ఉందా, బోర్ ఎంత పెంచారు, ఏ పిస్టన్లు వేశారు అని అడగాలి. చీటీ లేకపోతే ఆ ఇంజిన్‌ను మళ్లీ విప్పాల్సిందేనని లెక్కలో రాసుకోవడం మంచిది. పెట్రోలులో కలిపే ఇథనాల్ పాత రకం రబ్బరు గొట్టాలను పాడుచేస్తుంది కాబట్టి ఆ పైపులు ఎలాగూ మార్చాలి.

ఇంతవరకు చెప్పినవన్నీ డబ్బుతో బాగయ్యేవి. డబ్బుతో బాగుకాని విషయం కారు గుర్తింపు. సగంలో ఆగిన కారు అసలు విలువ చాలాసార్లు ఇక్కడే ఉంటుంది. అసలు మోసాలు కూడా ఇక్కడే. ప్రతి కారుకూ ఒక గుర్తింపు సంఖ్య ఉంటుంది, కానీ అది అన్నీ చెప్పదు. 1966 నుంచి జీటీవోల సంఖ్య 242తో మొదలవుతుంది. అది లేకపోతే కారు జీటీవో కాదు. 1964, 65 జీటీవోల్లో మాత్రం సంఖ్య చూసి చెప్పలేం, ఎందుకంటే అప్పుడది లెమాన్స్‌కు అదనపు సదుపాయమే. షెవెల్ ఎస్ఎస్ 396 విషయంలో ఇది తిరగబడింది. 1966 నుంచి 68 వరకు 138 అన్న మొదటి మూడంకెలు అసలుదాన్ని పట్టిస్తాయి. 1969 నుంచి ఎస్ఎస్ ఒక ఆప్షన్‌గా మారింది కాబట్టి సంఖ్య మౌనంగా ఉంటుంది. అందుకే మార్కెట్లో అన్నిటికన్నా ఎక్కువ గౌరవం పొందే 1970 ఎస్ఎస్‌లలో, 454 ఇంజిన్‌తో 450 హార్స్‌పవర్ ఇచ్చిన ఎల్ఎస్6 రకంలో నకళ్ల భయం ఇంత ఎక్కువ. క్రైస్లర్ కార్లు ఈ విషయంలో నిజాయితీగా ఉంటాయి. 1970 ఛాలెంజర్ గుర్తింపు సంఖ్యలో ఐదో అక్షరం ఆర్ అయితే అది 426 హెమీతో పుట్టింది. మస్టాంగ్‌లోనూ ఐదో అక్షరమే ఇంజిన్‌ను చెబుతుంది. 1965 కారులో అది కె అయితే 271 హార్స్‌పవర్ ఇచ్చిన 289 ఇంజిన్.

సంఖ్య చెప్పనిచోట కాగితాలు చెప్పాలి. ఫ్యాక్టరీలో కారుతో పాటు నడిచిన బిల్డ్ షీటు చాలాసార్లు సీటు స్ప్రింగుల్లోనో, పెట్రోలు ట్యాంకు మీదో ఇరుక్కుని దొరుకుతుంది. సీట్లు విప్పేసి కవర్లు పారేసిన ప్రాజెక్టులో ఆ కాగితం పోయే ఉంటుంది. పాంటియాక్‌లకు పీహెచ్ఎస్ సంస్థ దగ్గర, 1967 నుంచి వచ్చిన ఫోర్డ్‌లకు మార్టి రిపోర్టు ద్వారా ఫ్యాక్టరీ రికార్డులు దొరుకుతాయి. షెవ్రొలే కొనేవాళ్లకు అమెరికాలో ఆ సౌకర్యం లేదు, అందుకే అక్కడ దొరికిన ప్రతి పాత కాగితమూ డబ్బే. 1968 ప్రాంతం నుంచి ఇంజిన్ బ్లాకు మీద కారు సంఖ్యలో కొంత భాగాన్ని ముద్ర కొట్టేవారు. ఈ రెండూ కలిస్తేనే నంబర్లు సరిపోయాయంటారు. షెవ్రొలే వీ-8లో ఆ ముద్ర కుడివైపు సిలిండర్ హెడ్ ముందు చదునైన చోట ఉంటుంది. బ్లాకును మళ్లీ చదును చేసి కొత్త ముద్ర కొట్టే మోసగాళ్లున్నారు. ఫ్యాక్టరీ యంత్రం వదిలిన సన్నని సమాంతర గీతలు అక్కడ ఉన్నాయా లేదా అని నిపుణులు భూతద్దంతో చూసేది అందుకే. ఇంజిన్ స్టాండు మీద విడిగా ఉండడం ఈ ఒక్క విషయంలో కొనేవాడికి లాభం. వంగకుండా, వెలుతురులో చూసుకోవచ్చు.

యాజమాన్య పత్రం లేని కారు జోలికి అసలు వెళ్లవద్దని నా గట్టి సలహా. కొన్ని రాష్ట్రాల్లో పూచీకత్తు కట్టి కొత్త పత్రం తెచ్చుకునే మార్గం ఉంది, కానీ ఏడాదికో రెండేళ్లకో ఎవరో వారసుడు వచ్చి నిలదీస్తే పెట్టిన పనంతా వృథా. దొంగ కారా కాదా అన్నది బీమా సంస్థల తరఫున వాహన దొంగతనాలను పరిశీలించే ఎన్ఐసీబీ నిర్వహించే ఉచిత తనిఖీలో సంఖ్య కొట్టి చూడవచ్చు. సంఖ్య ఉన్న రేకు రివెట్లు మార్చినట్టు కనిపిస్తే అక్కడితో బేరం ఆపేయాలి.

సగంలో ఆగిన కారు ఎంత చేస్తుందన్న ప్రశ్న మీద కార్ల ప్రియుల్లో మూడు వర్గాలున్నాయి. ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే ఉండాలనేవాళ్లది మొదటిది. వీళ్లకు సగంలో ఆగిన ప్రాజెక్టు విలువ అందులో మిగిలిన అసలు భాగాలను బట్టి ఉంటుంది. తేదీ ముద్రలు సరిపోయే కార్బ్యురేటర్, ఆల్టర్నేటర్, అద్దాలు ఉంటే వాటికి విడిగా వెల ఉంది. రెండో వర్గం అసలు ముట్టుకోవద్దంటుంది. వాళ్లకు పెద్ద బలం బుల్లిట్ సినిమాలో స్టీవ్ మెక్వీన్ నడిపిన 1968 మస్టాంగ్. 1974లో ఒక కుటుంబం 6,000 డాలర్లకు కొన్న ఆ కారు, వెలిసిన రంగుతో, మచ్చలతో అలాగే 2020 జనవరిలో కిస్సిమీ వేలానికి వచ్చి, రుసుములతో కలిపి 37.4 లక్షల డాలర్లు పలికింది. దాన్ని ఎవరైనా మెరిపించి ఉంటే ఆ ధర వచ్చేది కాదని నేను నమ్ముతాను. కానీ ఈ వాదన సగం విప్పేసిన కారుకు వర్తించదు, అక్కడ కాపాడడానికి పాత ఒళ్లే మిగల్లేదు.

మూడోవాళ్లు పాత బాడీలో కొత్త యంత్రం కోరేవాళ్లు. 1997 కొర్వెట్‌తో వచ్చిన ఎల్ఎస్ ఇంజిన్ కుటుంబం, 2011 మస్టాంగ్‌తో వచ్చిన ఐదు లీటర్ల కయోటీ ఇంజిన్ వీళ్లకు ఇష్టం. తేలిగ్గా స్టార్టవుతుంది, తక్కువ తాగుతుంది, ఏసీ చల్లగా ఉంటుంది. కారును నడపడానికే కొనేవాళ్లకు ఇది న్యాయమైన కోరిక. అయితే ఇలాంటి మార్పు సగంలో ఆగిందంటే అది అన్నిటికన్నా ప్రమాదకరమైన కొనుగోలు. ఫ్యాక్టరీ కారుకు సర్వీసు మాన్యువల్ ఉంది, వైరింగ్ పటం ఉంది. ఎవరో తన గ్యారేజీలో తన బుద్ధికి తోచినట్టు వెల్డింగ్ చేసిన ఇంజిన్ మౌంట్లకు, కలిపిన తీగలకు పటం లేదు. అతని ఆలోచన అతనితోనే పోయింది.

విడిభాగాల విషయంలో మోడల్‌ను బట్టి అదృష్టం మారుతుంది. 1965-68 మస్టాంగ్‌కూ, 1967-69 కమారోకూ దాదాపు ప్రతి భాగమూ కొత్తగా తయారవుతోంది. మొత్తం బాడీ షెల్లే కొత్తది కొనుక్కోవచ్చు. ఆ ధైర్యంతో పెట్టెలు ఖాళీగా ఉన్నా ముందుకు వెళ్లవచ్చు. ఏఎంసీ ఏఎంఎక్స్, మెర్క్యురీ సైక్లోన్, బ్యూక్ జీఎస్ లాంటివాటికి ఆ సదుపాయం అంతగా లేదు. 1970లో కేవలం 678 తయారైన బ్యూక్ జీఎస్ఎక్స్‌లో ఒక పట్టీ పోయిందంటే ఏళ్ల వెతుకులాట. ఇలాంటి కార్లలో పోయిన భాగాల జాబితా తయారు చేయించి, దానికి ధర తగ్గించమని అడగడంలో మొహమాటం పనికిరాదు.

అమెరికాలో ఉన్న మనవాళ్లకు ఈ ప్రశ్న ఊహాప్రపంచంలోది కాదు. డెట్రాయిట్ చుట్టుపక్కల ట్రాయ్, నొవై, ఫార్మింగ్టన్ హిల్స్‌లలో ఎందరో తెలుగు ఇంజినీర్లు ఇవే కంపెనీల్లో పనిచేస్తున్నారు. 1995 నుంచి ఏటా ఆగస్టు మూడో శనివారం జరిగే వుడ్‌వర్డ్ డ్రీమ్ క్రూజ్‌లో పాత కార్లు వరుసలు కట్టి వెళుతుంటే చూసి, ఒకటి కొనాలన్న కోరిక పుట్టడం సహజం. కొనేముందు ఇంటి సంఘం నియమాలు చదవాలి. కదలని కారును డ్రైవ్‌వేలో ఉంచడాన్ని చాలా సంఘాలు ఒప్పుకోవు. పూర్తవని కారుకు కూడా పాత కార్ల బీమా సంస్థలు ముందే ఒప్పుకున్న విలువకు పాలసీ ఇస్తాయి, అది తప్పక తీసుకోవాలి. ఇక ఎప్పుడో హైదరాబాదుకో విజయవాడకో పట్టుకెళదామన్న ఆలోచన ఉంటే, వాడిన కార్ల దిగుమతి నిబంధనలు, సుంకం ముందు చూసుకోవాలి. 2021లో కేంద్రం తెచ్చిన నియమాల్లో 50 ఏళ్లు దాటిన కార్లకు వీఏ అక్షరాలతో ప్రత్యేక రిజిస్ట్రేషన్ ఉంది, కానీ ఛాసిస్, బాడీ, ఇంజిన్ అసలు రూపంలో ఉండాలి. ఎల్ఎస్ ఇంజిన్ దించిన కమారోకు ఆ దారి మూసుకుపోతుంది.

మరి ఏ ప్రాజెక్టు ధరకు తగుతుంది? నా లెక్కలో మూడు రకాలు. పుట్టుక కాగితాలతో రుజువైన అరుదైన కారు, అసలు ఇంజిన్‌తో సహా ఉంటే, మిగిలిన పనికి ఎంతైనా చివరి విలువ దాన్ని మోస్తుంది. రెండోది, వెల్డింగూ బాడీ పనీ పేరున్న చోట పూర్తయి, ప్రతి దశకూ ఫొటోలుండి, యజమాని ఏ కారణం చేతనో ఆపేసిన మామూలు కారు. ఖరీదైన పనంతా అయిపోయి, తన నష్టాన్ని అతను ఒప్పుకుని పెట్టినదానిలో సగానికి ఇస్తే అంతకన్నా మంచి బేరం లేదు. మూడోది లాభం చూడని మనిషి కొనే కారు. పదహారేళ్ల కూతురితో కలిసి ఆదివారాలు ఇంజిన్ బిగించాలనుకునే తండ్రికి పది వేల డాలర్ల నష్టం కూడా నష్టం కాదు, ఆ డబ్బు దేనికి ఖర్చవుతోందో అతనికి తెలిసినంతవరకు. మిగిలిన అందరికీ నా సలహా ఒకటే. అదే డబ్బుకు, మరికాస్త కలిపి, తిరుగుతున్న కారు కొనండి, రంగు కాస్త వెలిసినా సరే.

చివరగా అమ్మేవైపు కుటుంబాల గురించి. వీటిని కుర్రతనంలో నడిపిన తరం ఇప్పుడు డెబ్బైలు, ఎనభైలలో ఉంది. గ్యారేజీల్లో ఆగిపోయిన కార్లు ఏటా వారసుల చేతికి వస్తున్నాయి. నాన్న కారు ఏం చేయాలో తెలియక పిల్లలు మొదట చేసే పని గ్యారేజీ శుభ్రం చేయడం. మరకలు పడ్డ కాగితాలు, తుప్పు పట్టిన కార్బ్యురేటర్, పాత సీటు ఫ్రేము చెత్తలోకి పోతాయి. అలా చేయవద్దు. తలుపు గడియ దగ్గర్నుంచి నూనె చీటీ దాకా అన్నీ ఉంచి, ప్రతి పెట్టెనూ ఫొటో తీసి, గుర్తింపు సంఖ్యనూ ఇంజిన్ ముద్రనూ స్పష్టంగా చూపించి, మొత్తం ఒకే సరుకుగా అమ్మాలి. కారు మోడల్ తెలిసిన మనిషి చేత ముందు చూపించి, రాతపూర్వకంగా ఒక అంచనా తీసుకుంటే, మొదట వచ్చిన బేరగాడికి సగం ధరకు పోకుండా ఉంటుంది.